నేరం ఒప్పుకొన్నాక అప్పీలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: నేరం ఒప్పుకొన్నవారికి అప్పీలే లేదు.

వాస్తవం: ఇది సగమే నిజం. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 416వ సెక్షన్ (అంతకుముందున్న 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 375) ప్రకారం, ఒప్పుకోలు మీద మేజిస్ట్రేటు గానీ సెషన్స్ కోర్టు గానీ ఇచ్చిన తీర్పులో దోషిత్వాన్ని అప్పీలులో ప్రశ్నించలేము. అయితే శిక్ష మితిమీరిందనో, చట్టం అనుమతించని శిక్ష వేశారనో అప్పీలు చేసుకోవచ్చు. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు వెళ్లే గడువు 30 రోజులే కనుక, తీర్పు నకలు కోసం ఆ రోజే దరఖాస్తు పెట్టమని నేను పట్టుబడతాను.

అపోహ: రికార్డులో ‘ఒప్పుకొన్నాడు’ అని ఉంటే దాన్నిక ఎవరూ కదపలేరు.

వాస్తవం: అప్పీలు లేనిచోట రివిజన్ ఉంది, అంటే కింది కోర్టు తీర్పు చట్టప్రకారం ఉందో లేదో చూడమని పై కోర్టును కోరడం. దానికి గడువు 90 రోజులు. నేను ముందుగా చూసేది ఒప్పుకోలు నమోదైన కాగితాన్నే. ముందే అచ్చువేసిన ఫారం, ఖాళీలో పేరు, ‘ఒప్పుకొన్నాడు’ అన్న మాట ఎదురుగా టిక్కు, కింద వేలిముద్ర. ఆ మనిషిని అడిగితే, ‘బండి నాదేనని చెప్పానండీ, నడిపింది మా తమ్ముడు’ అంటాడు. అది నేరాంగీకారం కానే కాదు. సమన్సు కేసుల్లో (తక్కువ శిక్ష పడే చిన్న నేరాల కేసుల్లో) ముద్దాయి పలికిన మాటలనే వీలైనంతవరకు రాయాలని అదే సంహిత 275వ సెక్షన్ చెబుతోంది. 1898 నాటి కోడ్‌లోని ఇటువంటి నియమాన్ని తప్పనిసరిగా పాటించాల్సిందేనని మహంత్ కౌశల్యా దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. స్వల్ప శిక్ష ఆశతో ఒప్పుకొన్నవారికి పై కోర్టులో శిక్ష పెంచడం రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమని, అలాంటప్పుడు కేసును మళ్లీ విచారణకు పంపాలని తిప్పస్వామి కేసులో చెప్పింది.

అపోహ: ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకొని, తక్కువ శిక్షకు రాజీ కుదుర్చుకోవడం) తీర్పుకూ ఇవే దారులు.

వాస్తవం: కాదు. 295వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పు అంతిమం. మిగిలేవి సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషను, హైకోర్టులో రిట్టు మాత్రమే. సంతకానికి ముందే ఈ సంగతి తెలియాలి.

అపోహ: జరిమానా కట్టేస్తే కేసు అయిపోయినట్టే.

వాస్తవం: జరిమానా కట్టినా దోషిగా తేల్చిన తీర్పు నిలిచే ఉంటుంది; ఉద్యోగానికో వీసాకో దరఖాస్తు చేసేటప్పుడు శిక్ష పడిందా అన్న ప్రశ్న ఎదురైతే దాన్ని దాచడానికి వీలుండదు. న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేక ఒప్పుకొంటున్నామని చెప్పేవారిని చూస్తే బాధ కలుగుతుంది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. అప్పీలుకూ, రివిజన్‌కూ కూడా ఆ సాయం అడగవచ్చు.