సున్నా రాయని చోట మొదలైన గొడవ

చిత్తూరు మామిడి మండీల లెక్కలు చూసే ఒక సాఫ్ట్‌వేర్ తిరుపతిలో తయారవుతుంది. దాని సర్వర్‌ను పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష 8.1 వెర్షన్‌కి మార్చగానే, లెక్క మొదలుపెట్టే చోట తొలి విలువ రాయాలా వద్దా అన్న పాత తగాదా మళ్ళీ లేచింది. సీజన్ ముగిసిన మండీల బిల్లుల నెత్తిన హెచ్చరికలు అచ్చవుతున్నాయి: అంకెలను చూపడానికి తీర్చిదిద్దే నంబర్ ఫార్మాట్ ఫంక్షన్‌కు నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) ఇచ్చారట. బెంగళూర కాయ లోడ్లు దిగుతున్నన్నాళ్లూ ఇది బయటపడలేదు. ఒక్క లోడున్నా, నల్‌కు దాన్ని కలిపితే అంకే వస్తుంది. లోడే లేని రోజున మొత్తం సున్నా కాదు, నల్.

ఈ మొత్తం వేసేది అర్రే రిడ్యూస్: అర్రేలోని, అంటే జాబితాలోని, విలువలను ఒక్కొక్కటిగా కలుపుతూ ఒకే జవాబుగా మార్చే ఫంక్షన్. అది ఏం చేస్తుందో టీమ్‌లో అందరికీ తెలుసు. తెలియాల్సింది 2009 జూన్ 30 సంగతి. ఆరోజు వచ్చిన పీహెచ్‌పీ 5.3కి ముందు, అర్రే రిడ్యూస్‌కు ఇచ్చే మూడో ఆర్గ్యుమెంట్‌గా, అంటే లెక్క మొదలయ్యే తొలి విలువగా, పూర్ణాంకం తప్ప ఏదీ చెల్లేది కాదు. ఏమిచ్చినా పూర్ణాంకంగా మార్చేసేది. రైతు పాత బాకీ 1250.75తో లెక్క మొదలుపెడితే 75 పైసలు మాయం. ఖాళీ అర్రే ఇస్తే అదీ సున్నా అయ్యేది, అందులోకి ఇంకేమీ తోయడం కుదిరేది కాదు. అదే తొలి విలువ ఇవ్వకుండా వదిలేస్తే నల్ వచ్చేది. నల్ మాత్రం మర్యాదస్తురాలు: కలిపితే అంకె, తోస్తే అర్రే.

అలా వదిలేయడమే తెలివనిపించుకుంది. 5.3 నుంచి ఏ రకం విలువైనా ఇవ్వొచ్చు, కానీ చేతికి పట్టిన అలవాటు పోలేదు. టీమ్‌లో సీనియర్ వాదన ఒకటే: "పదిహేనేళ్లు నడిచింది కదా." జూనియర్లు అడిగేది వేరు. జవాబు ఏ రకంగా రావాలో తొలి విలువే చెప్పాలి. మొత్తానికి 0, పేర్ల జాబితాకు ఖాళీ అర్రే, చీటీకి ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల వరుస) రాయాలి. అది రాయకపోతే ఖాళీ రోజున ఏమొస్తుందో కోడు చదివి పోల్చుకోలేం. నిజానికి 8.1 ఇంకా పని ఆపలేదు, గొణుగుతోందంతే.

చివరికి బిల్లు పేజీలో సున్నా చేర్చడానికి సీనియర్ ఒప్పుకున్నారు. రైతుల జాబితా పేజీలో మాత్రం మూడో ఆర్గ్యుమెంట్ ఇప్పటికీ లేదు. ఖాళీ సీజన్‌లో అక్కడ జాబితాను ఒక్కొక్కటిగా చదివే ఫోర్‌ఈచ్ చేతికి నల్ అందుతుంది. డిసెంబరులో ఆ పేజీ ఎవరూ తెరవరట.