ఎరుపు తగ్గితే కన్ను బాగైనట్టేనా?

కన్ను ఎర్రబడి, పొద్దున లేచేసరికి పుసితో రెప్పలు అంటుకుపోతే చాలామంది ముందు వెతికేది పాత కంటి చుక్కల సీసానే. పోయినసారి దాంతోనే తగ్గింది కదా అనుకుంటారు. ఆ సీసా మీద టోబ్రామైసిన్, డెక్సామెథసోన్ అని రెండు పేర్లుంటే మాత్రం దయచేసి ఆగండి.

టోబ్రామైసిన్ యాంటీబయాటిక్. బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారు చేసుకోకుండా అడ్డుపడి, దాన్ని చంపుతుంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. అది ఏ క్రిమినీ చంపదు. క్రిమి మీద మన ఒళ్లు చేసే యుద్ధాన్నే చల్లారుస్తుంది. ఎరుపు, వాపు, నొప్పి ఆ యుద్ధం వల్ల వచ్చేవే. అయినా స్టెరాయిడ్ అవసరమూ ఉంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, మందం సుమారు అర మిల్లీమీటరే. వాపు ముదిరి అక్కడ మచ్చ పడితే చూపు మసకబారుతుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత ఇలాంటి చుక్కలు రాసేది వాపును అదుపులో పెట్టి, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడానికే.

అసలు భయం హెర్పిస్ వైరస్‌తో. అదీ కన్ను ఎర్రబడటంతోనే మొదలవుతుంది. డాక్టరు పసుపుపచ్చ రంగు మందు అద్ది నీలి వెలుతురులో చూస్తే, కార్నియా మీద కొమ్మలు చాచిన చెట్టులాంటి పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇంట్లో అద్దంలో అది కనబడదు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. స్టెరాయిడేమో కాపలాను పడుకోబెడుతుంది. రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల పుండు మాత్రం పాకుతుంది. కంట్లో ఆకో పుల్లో గీరుకుని ఫంగస్ చేరినప్పుడూ ఇదే ప్రమాదం.

ఇంకొకటి, కంటి లోపలి ఒత్తిడి. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే కొందరిలో అది పెరుగుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, తేడా తెలియదు. దృష్టి నరం దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. అందుకే వాడేవాళ్లకు మధ్యమధ్యలో ప్రెషర్ కొలుస్తారు. అలాగని డాక్టరు రాసిన చుక్కల్ని మనంతట మనం ఆపేయకూడదు. ఒక్కసారిగా మానేస్తే వాపు మళ్లీ ఎగదన్నవచ్చు.

ఈ మందు చాలావరకు సస్పెన్షన్‌గా వస్తుంది. అంటే పొడి అడుగున పేరుకుంటుంది, సీసాను బాగా కుదపాలి. ఒక్క చుక్క చాలు. కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే, మందు గొంతులోకి జారకుండా కంట్లోనే నిలుస్తుంది. రెండో రకం చుక్కలుంటే కనీసం 5 నిమిషాలు ఆగి వేసుకోవాలి.