పంట కట్టె కరెంటు: ధర ఎవరి చేతికి వెళ్లింది?

గుంటూరు, పల్నాడు జిల్లాల్లో కోతలు ముగిశాక పత్తి కట్టెను, మిరప కట్టెను పీకి, గట్టున కుప్ప వేసి నిప్పు పెట్టడం ఇప్పటికీ మామూలే. ఇలాంటి వ్యర్థాలతోనే కరెంటు తీసే ప్లాంట్లు రాష్ట్రంలో పాతికేళ్ల కిందటే మొదలయ్యాయి. అయినా ఆ మంట ఆరకపోవడానికి కారణం ఈ విద్యుత్తు ధరను నిర్ణయించిన తీరులో ఉంది.

సంప్రదాయేతర ఇంధన వనరుల కోసం రాష్ట్రంలో నెడ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థ 1986లో ఏర్పడింది. ఇటువంటి విద్యుత్తును 1994-95 ప్రాతిపదికగా యూనిట్ రూ.2.25కు కొని, ఏటా 5 శాతం పెంచాలని కేంద్రం మార్గదర్శకాలు ఇవ్వగా, 1997లో రాష్ట్ర ప్రభుత్వం వాటిని అనుసరించి ఉత్తర్వులు జారీ చేసింది. ఆ భరోసాతో 6 మెగావాట్ల స్థాయి ప్లాంట్లు వరుసగా వచ్చాయి. అలాంటి ప్లాంటు 80 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి దాదాపు 4.2 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు కిలోకు పైగా ఇంధనం కావాలి కనుక ఏటా 42 వేల టన్నులకు మించి సేకరించాల్సిందే.

ఆ ఇంధనంలో మొదటి స్థానం ఊకది. ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊకే. ఇటుక బట్టీలకు, మిల్లుల బాయిలర్లకు పోగా మిగిలినది ఒకప్పుడు పెద్దగా విలువ లేని సరుకు. ప్లాంట్లు కొనడం మొదలుపెట్టాక దానికి ధర పలికింది. అయితే ధాన్యం అమ్మిన రైతుకు ఊకతో సంబంధం మిల్లు గేటు దగ్గరే తెగిపోతుంది కాబట్టి, లాభం మిల్లర్లకూ, లారీలు తిప్పే వ్యాపారులకూ చేరింది. ఊక చాలని చోట్ల సర్కారు తుమ్మ, సుబాబుల్ కలిపారు.

విద్యుత్ నియంత్రణ మండలి 2004లో ఈ కరెంటు కొనుగోలు ధరలను సవరించినప్పుడు అసలు వివాదం మొదలైంది. బయట మార్కెట్లో ఊక ధర పెరుగుతుంటే నిర్ణయించిన చార్జీ గిట్టుబాటు కాదని ఉత్పత్తిదారులు వాదించారు. అంత ధరకు కొంటే ఆ భారం వినియోగదారుల బిల్లుల మీదే పడుతుందని కరెంటు కొనే సంస్థలు అన్నాయి. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ధరను సవరించే అధికారం మండలికి ఉందని సుప్రీంకోర్టు 2010లో తేల్చేనాటికి కొన్ని ప్లాంట్లు మూతపడే స్థితికి చేరాయి. ఇన్నేళ్ల వాదోపవాదాల్లో ఇంధన వ్యయం గురించి ఎంత చర్చ జరిగినా, ఆ వ్యయంలో రైతు వాటా ఎంత ఉండాలన్నది కక్షిదారుల్లో ఎవరి ప్రశ్నా కాలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలోని పెద్ద లోపం ఇదే.

రైతు మాట సూటిగానే ఉంటుంది. పత్తి కట్టెను పీకడానికి, కోయడానికి, రోడ్డు దాకా చేర్చడానికి కూలీ ఖర్చు అవుతుంది. తేలికైన సరుకు కనుక ట్రాక్టరు నిండినా తూకం రాదు. గులాబీ రంగు పురుగు బెడదతో కట్టెను పొలంలో నిలవ ఉంచొద్దని వ్యవసాయ అధికారులు చెబుతారు. కొనేవారు వచ్చేదాకా ఆగే వీలు లేనప్పుడు అగ్గిపెట్టె ఒక్కటే చవక. కృష్ణా డెల్టాలో పరిస్థితి వేరు. అక్కడ వరి కోతకు ముందే చేలో మినుము చల్లుతారు, గడ్డి పశువుల మేతకు వెళుతుంది. దానిని వ్యర్థమని లెక్కగట్టే ప్రణాళికను పాడి రైతు ఒప్పుకోడు. కంప ఏరుకొచ్చి పొయ్యి వెలిగించుకునే కూలీ కుటుంబాలకు సర్కారు తుమ్మ కూడా వ్యర్థం కాదు. ప్లాంటు పక్క ఊళ్లవారి ఫిర్యాదు బూడిద గురించి: ఊక కాలిస్తే దాని బరువులో సుమారు అయిదో వంతు బూడిదే మిగులుతుంది.

ఇప్పుడు ఒత్తిడి మరో దారిలో వస్తోంది. థర్మల్ కేంద్రాలు ప్రధానంగా పంట వ్యర్థాల పెల్లెట్లను (పొడి చేసి అదిమిన గుళికలను) 5 శాతం మేరకు బొగ్గుతో కలిపి మండించాలని కేంద్రం 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో పెద్ద థర్మల్ కేంద్రం ఉన్నందున ఈ ప్రాంతానికి అది దూరపు విషయం కాదు. 2024లో రాష్ట్రం తెచ్చిన ఇంధన విధానం బయోగ్యాస్ ప్లాంట్లకూ తలుపు తెరిచింది. పెల్లెట్‌కైనా గ్యాస్‌కైనా ముడిసరుకు ఈ చేలదే. కట్టె కోత, రవాణా ఖర్చు కొనే సంస్థే భరించాలని, పంట కాలానికి ముందే రైతు సంఘాలతో ధర, తేదీ రాసుకోవాలని రైతులు కోరితే, ఆ షరతు విద్యుత్ కొనుగోలు ఒప్పందంలోనే చేరాలి. ప్లాంటుకూ దళారికీ మధ్య జరిగే బేరానికి వదిలేస్తే 1997 తరువాత ఊకకు జరిగినదే పత్తి కట్టెకూ జరుగుతుంది.