జిర్కోనియంలో హాఫ్నియం ఎంత?

నెల్లూరు ఆచారి వీధిలో పాత నగ మార్చబోతే ఇప్పుడు గీటురాయితో సరిపెట్టరు, క్యారట్ మీటరులోనూ పెట్టి చూస్తారు. కాసేపటికే బంగారం 91.6 శాతం, మిగిలింది రాగి, వెండి అని తెర మీద కనబడుతుంది. ఎక్స్ కిరణాలు తగిలిన ప్రతి మూలకమూ తనదైన శక్తి గల ఎక్స్ కిరణాలను వెలువరిస్తుంది, రాగిది 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులైతే బంగారానిది 9.71. వాటిని వేరుచేసి లెక్కించడమే ఆ యంత్రం పని.

అణు ఇంధనాన్ని నింపే జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రమలోహం) గొట్టాలను పరీక్షించడానికీ ఈ పద్ధతి పనికొస్తుంది కానీ, అక్కడ శాతాలతో పని పూర్తికాదు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే ఈ గొట్టాల్లో సుమారు ఒకటిన్నర శాతం ఉండే తగరాన్ని కొలవడం తేలికే. చిక్కంతా హాఫ్నియంతోనే. ప్రకృతిలో జిర్కోనియంతో పాటు సుమారు రెండు శాతం ఉండే ఈ లోహం, అణు చర్యను నడిపే న్యూట్రాన్లను జిర్కోనియం కంటే ఐదు వందల రెట్లకు పైగా పీల్చుకుంటుంది. అందుకే గొట్టం లోహంలో అది టన్నుకు 100 గ్రాములు దాటకూడదు. రసాయన గుణాల్లో రెండూ కవలలు. జిర్కోనియం 1789లోనే బయటపడినా, దాని చాటున ఉన్న హాఫ్నియాన్ని 1923లో కోస్టర్, హెవెషీ అనే శాస్త్రవేత్తలు ఎక్స్ కిరణాలతోనే పట్టుకున్నారు.

ఆ ఎక్స్ కిరణాల్లోనూ ఒక మెలిక ఉంది. కిరణాలను స్ఫటికంతో విడదీసే పరికరంలో, 15.77 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి జిర్కోనియం కిరణం తనలో సగం శక్తి గల కిరణం పడే చోట కూడా మళ్లీ కనబడుతుంది. హాఫ్నియం ముఖ్య కిరణం 7.90 దగ్గర, అంటే దాదాపు సరిగ్గా అక్కడే ఉంటుంది. కాబట్టి హాఫ్నియానికి చెందిన మరో కిరణాన్ని ఎంచుకోవాలి, లేదా లోహాన్ని ఆమ్లంలో కరిగించి ప్లాస్మాలో, అంటే అతి వేడి వాయువులో, పరీక్షించాలి.

కరిగించడానికి వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది. ప్రయోగశాల గాజులో బోరాన్ ఉంటుంది, బోరానేమో అదీ న్యూట్రాన్లను పీల్చేదే కనుక గొట్టంలో టన్నుకు అర గ్రాము మించరాదు. గాజు పాత్ర వాడితే దానిలోని బోరాన్ గొట్టం లెక్కలో పడుతుంది. అందుకని టెఫ్లాన్ పాత్రలు వాడతారు. మంట ఎక్కువైతే మాత్రం బోరాన్ ఫ్లోరైడుగా ఎగిరిపోయి, ఉన్నది లేనట్టే తేలుతుంది.

యురేనియానికి పరిమితి టన్నుకు 3.5 గ్రాములు. లోపలి ఇంధనమే యురేనియం కదా, గొట్టంలో కాస్త ఉంటే ఏమవుతుందని అనిపించవచ్చు. గొట్టం లోహంలోనే విచ్ఛిత్తి, అంటే యురేనియం పరమాణువు చీలడం, జరిగితే ఆ శకలాలు చల్లబరిచే నీటిలోకి చేరుతూ ఉంటాయి. అలాంటప్పుడు ఎక్కడైనా నిజంగా చిల్లు పడినా, అప్పటికే ఉన్న రేడియోధార్మికతలో ఆ జాడ కలిసిపోయి గుర్తించడం కష్టమవుతుంది.