పట్టాలు పీకేసిన బ్రిడ్జి

శ్రీకాకుళంలో మా పక్కింటి పిన్ని కొడుకు అమెరికాలో ఓక్లండ్‌లో ఉంటాడు, ఆఫీసు మాత్రం నీళ్లకి అవతల శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఇంటికెళ్తూ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "అమ్మా బ్రిడ్జి మీదున్నాను, బండి కదలట్లేదు". మొన్న పిన్ని నన్నడిగింది, "ఏటి బాబూ, అంత డబ్బున్నోలు ఇంకో బ్రిడ్జి కట్టుకోలేరేటి?" అని. మంచి ప్రశ్నే, కానీ జవాబు తొంభై ఏళ్ల కిందట మొదలవుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి మూడు వైపులా నీళ్లే. 1930ల దాకా మనుషులూ కార్లూ ఎక్కువగా పెద్ద పెద్ద లాంచీల మీదే దాటేవి. 1936 నవంబర్‌లో ఓక్లండ్ వైపు బే బ్రిడ్జి తెరిచారు, ఆర్నెల్లకి 1937 మేలో ఉత్తరం వైపు గోల్డెన్ గేట్. ఫొటోల్లో మనం చూసే ఎర్రది ఆ రెండోది, దానికి అప్పు పుట్టించడానికి చుట్టుపక్కల జనం 1930లో ఓటేసి తమ ఇళ్లూ పొలాలే పూచీ పెట్టారు, 3.5 కోట్ల డాలర్ల బాండ్లు. కట్టేటప్పుడు కింద వల కట్టారు, ఆ వల్లో పడి 19 మంది బతికారు, కానీ ప్రారంభానికి మూడు నెలల ముందు పరంజా తెగి వలతో సహా పడిపోయి ఒక్కరోజే 10 మంది పోయారు. ఆ బ్రిడ్జి గురించి ఎవరు గొప్పగా చెప్పినా నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

బ్రిడ్జిలు రాగానే లాంచీలకి గిరాకీ పడిపోయింది. గోల్డెన్ గేట్ దగ్గర లాంచీలు నాలుగేళ్లు కూడా నిలబడలేదు.

అసలు కథ మాత్రం బే బ్రిడ్జిది. అది రెండంతస్తుల బ్రిడ్జి, పైన కార్లు, కింద లారీలూ, 1939 నుంచి ఆ కిందే ఒక పక్క రైళ్లు కూడా నడిచాయి. అంటే పిన్ని కొడుకులాంటివాళ్లు కార్ల మధ్య ఇరుక్కోకుండా ఇంటికెళ్లే దారి అప్పట్లోనే ఉంది! 1958లో ఆ రైళ్లు ఆపేసి పట్టాలు పీకేశారు, ఆ జాగా కూడా బళ్లకే ఇచ్చేశారు. తర్వాత పదహారేళ్లకి, 1974లో, అదే దారికి నీళ్ల అడుగున దాదాపు 6 కిలోమీటర్ల గొట్టం వేసి మళ్లీ రైలు నడపాల్సొచ్చింది, దాన్నే బార్ట్ అంటారు. రైలు ఒక్కసారి దూరమైతే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా, మన టౌన్ పేరు పెట్టుకున్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, రాత్రి బండి దిగి సామాన్లతో పిల్లల్తో ఆటో కోసం నిలబడ్డవాళ్లందరికీ ఆ పదమూడు కిలోమీటర్లు ఎంత దూరమో తెలుసు.

1989 అక్టోబర్ భూకంపంలో బే బ్రిడ్జి పై అంతస్తు ముక్క ఒకటి విరిగి కింద అంతస్తు మీద పడింది, నెలరోజులు బ్రిడ్జి మూత. ఆ నెలంతా ఊరిని మోసింది ఆ గొట్టంలో రైలే, ఓక్లండ్ నుంచి లాంచీలు కూడా మళ్లీ తెచ్చారు. తూర్పు సగం కొత్తగా కట్టి తెరిచేసరికి 2013 వచ్చింది, ఖర్చు 600 కోట్ల డాలర్లు దాటింది.

ఇంకో సంగతి, గోల్డెన్ గేట్ బ్రిడ్జి నడిపేవాళ్లు కూడా, దాని మీద కార్లు పట్టక, 1970లో మళ్లీ లాంచీలు మొదలెట్టారు, తర్వాత బస్సులు కూడా, ఇప్పటికీ బ్రిడ్జి టోల్ డబ్బుల్లోంచే వాటికి సాయం వెళ్తుంది. కారువాడి టోల్‌తో బస్సు నడపడం నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది.

ఇక పిన్ని అడిగిన ఇంకో బ్రిడ్జి. దక్షిణంగా ఇంకోటి కడదామని అక్కడ చాన్నాళ్లు అనుకున్నారు, 1972లో జనం ముందు పెడితే వద్దని ఓటేశారు. ఎన్ని కట్టినా అన్నీ కార్లతోనే నిండుతాయన్న భయం అప్పటికే ఉంది.

ఇదంతా విని పిన్ని అప్పటికప్పుడే కొడుక్కి ఫోన్ కలిపింది, "ఒరే, ఈసారి ఇల్లు మారినప్పుడు ఆ నీళ్ల కింద రైలు స్టేషన్‌కి దగ్గర్లో చూసుకో" అని.