సోమవారం రాత్రి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారుగా, "సోమవారం రాత్రి నువ్వెందుకు అన్నం తినవు, ఉపవాసమా?" అని. దేవుడి కోసం కాదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఇంట్లో మొదలైన అలవాటు అది.

1965 సంగతి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దానికి తోడు పాకిస్థాన్‌తో యుద్ధం. అప్పట్లో మన గోధుమలు చాలావరకు అమెరికా నుంచి ఓడల్లో వచ్చేవి. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద కుదిరిన ఒప్పందం అది. ఆ ఏడాదే అమెరికా, ఒకేసారి మాట ఇవ్వకుండా కొద్దికొద్దిగా పంపడం మొదలుపెట్టింది. తర్వాతి ఓడ వస్తుందో రాదో అని ఢిల్లీలో ఒకటే టెన్షన్. సరిహద్దులో సైనికుడు పోరాడుతుంటే, ఇంట్లో గింజల కోసం దేశం చెయ్యి చాచాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి.

అప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక్క పూట, సోమవారం రాత్రి, భోజనం మానమన్నారు. ముందు తన ఇంట్లో పిల్లలతో సహా మానేసి చూశాకే జనాన్ని అడిగారట. నాకు ఆయన మీద గౌరవం అక్కడే పుట్టింది. చట్టం లేదు, జరిమానా లేదు. అయినా చాలా హోటళ్ళు ఆ సాయంత్రం మూసేసేవారు.

ఒక్క పూటతో ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. రెండు పూటలా తినేవాడికి వారానికి పద్నాలుగు భోజనాలు. అందులో ఒకటి తగ్గితే ఆ గింజలు మనం కొనం, అవి కొట్టులోనే ఉంటాయి, ఇంకొకరికి అందుతాయి. అయితే ఒంటిపూట తిండితో బతికేవాళ్ళు ఏం మానగలరు? "రెండు పూటలా తినేవాళ్ళనే అడిగారురా" అనేది మా అమ్మ. పిల్లలకు మాత్రం గ్లాసుడు మజ్జిగ ఇచ్చేది.

దీనితోనే కరువు తీరిపోలేదు. మరుసటి ఏడూ వానలు పడలేదు, ఓడల కోసం ఎదురుచూపులూ తప్పలేదు. 1966లో మెక్సికో నుంచి ఎక్కువ దిగుబడి ఇచ్చే గోధుమ విత్తనాలు 18,000 టన్నులు తెచ్చాక గానీ దారి కనిపించలేదు. ఆ పంట చూడకుండానే, 1966 జనవరి 11న తాష్కెంట్‌లో శాస్త్రి గారు కన్నుమూశారు.

తర్వాత చాలా ఇళ్ళల్లో సోమవారం మామూలైపోయింది. అమ్మ మానలేదు. ఆమె పోయాక నేనూ మానలేదు. సెలవులకు రండి. సోమవారం రాత్రి మీకు వేడిగా వండి పెడతాను, నాకు మజ్జిగ చాలు.

మీ తాతయ్య