పీపా లేని పీపా ధర

ముడి చమురు ధరను పీపాల లెక్కన చెబుతారు గాని, ఆ పీపా ఇప్పుడు ఎక్కడా కనిపించదు. చమురు ఓడల్లో వెళుతుంది, గొట్టాల్లో పారుతుంది. పీపాలో నింపి పంపేవారు లేరు. 42 గ్యాలన్లు, అంటే దాదాపు 159 లీటర్ల ఈ కొలత 1860లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో చెక్క పీపాలను బండ్లకెత్తి నూనె తోలిన రోజుల నుంచి మిగిలిపోయింది. పీపాకు ధర ఎవరు కట్టాలన్న తగాదా కూడా అక్కడే మొదలైంది.

1859 ఆగస్టు 27న టైటస్‌విల్ ఊరి దగ్గర ఎడ్విన్ డ్రేక్ వేయించిన బావిలో 70 అడుగుల లోపే నూనె పడింది. అప్పటికది దీపాల సరుకు. కిరసనాయిలు తీసుకుని, దాంతోపాటు వచ్చే పెట్రోలును ఎందుకూ కొరగాదని వాగుల్లో పారబోసేవారు. డ్రేక్‌ను చూసి చుట్టుపక్కల వాళ్లంతా బావులు మొదలుపెట్టారు. 1860 ఆరంభంలో 20 డాలర్ల దాకా పలికిన పీపా 1861 చివరికి 10 సెంట్లకు దిగింది. నూనె కంటే పీపా చెక్కకే ఎక్కువ ఖరీదైంది.

ఎందుకిలా జరిగిందో మన మెట్ట ప్రాంతాల్లో బోరు వేసిన రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. గట్లు నేల మీద ఉంటాయి గాని నేల అడుగున ఉండవు. నేను ఆపితే పక్కవాడు తోడేస్తాడు. తోడుకున్నవాడిదే నూనె అని అమెరికా కోర్టులు కూడా తీర్పిచ్చాయి. పైగా ఖర్చంతా నూనె పడేదాకానే. పడ్డాక ఆపి ఉంచడమే నష్టం. కాబట్టి ఈ వ్యాపారంలో నూనె తీయగలిగినవాడికంటే, తీయకుండా ఆపించగలిగినవాడే గొప్పవాడు. ధర అతని మాట వింటుంది. ఆ తర్వాతి నూటయాభై ఏళ్ల కథంతా ఆ పెత్తనం ఎవరిదన్నదే.

మొదటి పెత్తందారు జాన్ రాక్‌ఫెల్లర్. అతను మొదట్లో బావుల జోలికి పోలేదు, రిఫైనరీలను పట్టుకున్నాడు. 1870లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టి, రైలు కంపెనీల నుంచి గుట్టుగా రాయితీలు రాబట్టి, పదేళ్లలో అమెరికా శుద్ధి వ్యాపారంలో 90 శాతం గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని 34 ముక్కలు చేసింది. నేటి ఎక్సాన్ మోబిల్, షెవ్రాన్ ఆ ముక్కల సంతానమే.

రెండో పెత్తందారు ఒక రైల్వే కమిషన్ అంటే నమ్మబుద్ధి కాదు. 1930 అక్టోబరులో తూర్పు టెక్సాస్‌లో అంతకు ముందెన్నడూ చూడనంత పెద్ద క్షేత్రం బయటపడింది. అసలే మాంద్యం రోజులు, ఆపై ఈ వరద. పీపా మళ్లీ సెంట్లలోకి జారింది. 1931 ఆగస్టులో గవర్నర్ రాస్ స్టెర్లింగ్ సైనికులను పంపి బావులు మూయించాడు. ఆయన స్వయంగా ఒక చమురు కంపెనీ స్థాపకుల్లో ఒకడు. తర్వాత ఆ పని రైళ్ల వ్యవహారాల కోసం పుట్టిన టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ చేతికి స్థిరపడింది. ఏ బావి నుంచి ఎంత తీయాలో, నెలలో ఎన్ని రోజులు తీయాలో కమిషన్ చెప్పేది. స్వేచ్ఛా వ్యాపారానికి పెద్దదిక్కుగా చెప్పుకునే దేశంలో చమురు ధర నలభై ఏళ్లు ఈ రేషను మీదే నిలబడింది.

అమెరికా బయట ఆ పని కంపెనీలే చూసుకున్నాయి. 1928లో షెల్, ఆంగ్లో పర్షియన్, న్యూజెర్సీ స్టాండర్డ్ కంపెనీల అధిపతులు వేట పేరుతో స్కాట్లాండ్‌లోని ఆక్నకారీ కోటలో కలిసి, ఎవరి వాటా వారికి ఉండేలా ఒప్పందం చేసుకున్నారు. తర్వాత 'ఏడుగురు అక్కచెల్లెళ్లు'గా పేరుపడిన ఏడు పాశ్చాత్య కంపెనీలే గల్ఫ్ చమురుకు 'ప్రకటిత ధర' నిర్ణయించేవి. బావులున్న దేశాలకు ముట్టే పన్ను ఆ ధర మీద లెక్కకట్టేవారు. అంటే ఇరాన్, సౌదీల ఖజానా ఎంత నిండాలో న్యూయార్క్, లండన్ కార్యాలయాలు తేల్చేవి. 1951లో చమురును జాతీయం చేసిన ఇరాన్ ప్రధాని మొసాద్దిక్‌ను 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు కూలదోయించాయి.

ఈ కథలో విశాఖపట్నానికీ చోటుంది. అక్కడి రిఫైనరీని 1957లో కాల్టెక్స్ ప్రారంభించింది. కాల్టెక్స్ ఆ ఏడుగురిలో ఇద్దరి ఉమ్మడి సొత్తు. 1978లో అది హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. 1960లో సోవియట్ యూనియన్ చవగ్గా ముడి చమురు ఇస్తామంటే, నాటి కేంద్ర మంత్రి కేశవదేవ్ మాలవీయ దాన్ని శుద్ధి చేయమని మన దేశంలోని విదేశీ కంపెనీలను అడిగారు. అవి కుదరదన్నాయి. అయితే ఆ బేరం ఊరికే పోలేదు, తమ సరుకు ధర కొంత తగ్గించక తప్పలేదు. ఇటలీ కూడా సోవియట్ చమురు వైపు చూస్తున్న రోజులవి. ఆ ఆగస్టులో న్యూజెర్సీ స్టాండర్డ్, బావులున్న దేశాలతో ఒక్క మాటైనా చెప్పకుండా ప్రకటిత ధరను కోసేసింది. తగ్గింది వాళ్ల పన్ను ఆదాయం. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 14న ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనెజువెలా బాగ్దాద్‌లో కూర్చుని, చమురు ఎగుమతి చేసే దేశాల సంఘంగా ఒపెక్‌ను స్థాపించాయి.

దాని రూపశిల్పుల్లో ఒకరైన వెనెజువెలా మంత్రి పెరెజ్ అల్ఫోంజో, వాషింగ్టన్‌లో ప్రవాసంలో ఉన్నప్పుడు టెక్సాస్ కమిషన్ పనితీరును శ్రద్ధగా చదువుకున్నవాడు. అమెరికా తిట్టిపోసిన ఒపెక్ కోటాలకు నమూనా అమెరికాలోనే ఉందన్నమాట. 1973 సంక్షోభం అనగానే అరబ్బుల ఆంక్షలే గుర్తొస్తాయి. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సంవత్సరం 1972. గిరాకీ పెరిగి, టెక్సాస్ కమిషన్ ఆ ఏడాది తన బావుల మీద రేషను ఎత్తేసి, తీయగలిగినంతా తీసుకోమంది. ఆపి ఉంచినది లేకపోతే ధరను అదుపు చేసేందుకు చేతిలో ఏమీ మిగలదు. 1973 అక్టోబరులో 3 డాలర్లున్న ప్రకటిత ధర 1974 జనవరి 1 నాటికి 11.65 డాలర్లైంది.

ఒపెక్‌కూ పాత జబ్బే తగులుకుంది. ధర పెరిగేసరికి ఉత్తర సముద్రంలో, అలాస్కాలో తవ్వడం గిట్టుబాటైంది. సభ్యదేశాలు దొంగచాటుగా కోటా మించి అమ్మాయి. ధర కాపాడటానికి సౌదీ ఒక్కటే ఉత్పత్తి తగ్గించుకుంటూ పోయి, 1985లో విసిగి గేట్లు ఎత్తేసింది. 1986లో పీపా 10 డాలర్ల కిందకు కూడా పడింది. ఈలోగా 1983లో న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ముడి చమురు ఫ్యూచర్స్, అంటే ముందు నెలల్లో ఇచ్చే సరుకుకు ఇప్పుడే ధర కట్టుకునే ఒప్పందాలు మొదలయ్యాయి. చమురు కంటపడకుండానే కాగితం మీద కొని అమ్మేవారు బరిలోకి దిగారు. 2020 ఏప్రిల్ 20న ఆ కాగితం అసలు రూపం చూపించింది. ఒప్పందం గడువు మర్నాటితో తీరుతుంది, ఆపై సరుకు దించుకోవాల్సిందే, ఓక్లహామాలోని కుషింగ్ ట్యాంకుల్లో చోటు దొరకదు, లాక్‌డౌన్‌లో కొనే నాథుడు లేడు. పీపా తీసుకుపొమ్మని 37.63 డాలర్లు ఎదురిచ్చారు.

సహజవాయువు దారి వేరు. దాన్ని మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేస్తే ఘనపరిమాణం 600 రెట్లు తగ్గుతుంది, ఓడకెక్కుతుంది. లేదంటే గొట్టమే గతి. గొట్టం అటు చివర ఎవరుంటే వారి మాటే చెల్లుతుందని 2022లో రష్యా గ్యాస్ తగ్గిపోయినప్పుడు ఐరోపాకు తెలిసొచ్చింది.

2016 నుంచి రష్యాను కలుపుకొని ఒపెక్ ప్లస్ కోటాలు వేస్తోంది. రాతిపొరలను చిట్లించి నూనె తీసే షేల్ బావులతో 2018 నుంచి అమెరికాయే అతిపెద్ద ఉత్పత్తిదారు. 2022 డిసెంబరులో జీ7 దేశాలు రష్యా చమురుకు 60 డాలర్ల పరిమితి పెట్టాయి. అప్పటికే భారత్ రాయితీ మీద దాన్ని కొంటోంది. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో 2 శాతమైనా లేని రష్యా వాటా 2023లో మూడో వంతు దాటింది. 1960లో మాలవీయకు కాదన్న కంపెనీలు ఈసారి అడ్డం లేవు. ఆ లాభం బంకు దాకా రాలేదన్నది వేరే సంగతి. 2017 జూన్ నుంచి పెట్రోలు ధర రోజూ మారాలన్నది నియమం. 2022 ఏప్రిల్ తర్వాత, పన్ను తగ్గింపు మినహా, దాదాపు రెండేళ్లు అది కదలలేదు.

ప్రపంచ చమురు బేరాల్లో ఎక్కువ భాగం బ్రెంట్ అనే ఉత్తర సముద్ర చమురు ధరను బట్టి సాగుతుంది. ఉత్తర సముద్రంలోని తన క్షేత్రాలకు షెల్ నీటిపక్షుల పేర్లు పెట్టేది. బ్రెంట్ అంటే ఒక జాతి పెద్దబాతు. 1976లో ఉత్పత్తి మొదలైన ఆ క్షేత్రంలో చివరి ప్లాట్‌ఫారం 2021లో ఆగిపోయింది. చుట్టుపక్కల క్షేత్రాల చమురుతో ఆ ధర లెక్క నడుస్తోంది. అదీ చాలక, 2023 నుంచి టెక్సాస్‌లోని మిడ్లండ్ చమురును కూడా అందులో కలిపారు.